ప్రాణహిత గట్టున దొరికిన చేప: లెపిడోటిస్‌పై పాఠకుల ప్రశ్నలు

కిందటి సంచికలో ప్రాణహిత–గోదావరి లోయలోని డైనోసార్ శిలాజాల గురించి జవాబు రాస్తూ, ఆ రాళ్లలోనే లెపిడోటిస్ అనే అంతరించిన చేప అవశేషాలు కూడా దొరికాయని ఒక వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యాన్ని పట్టుకొని పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ చేపకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారు సింగరేణిలో పనిచేసి పదవీ విరమణ చేశారు. గనిలో బొగ్గు పొరల పక్కన ఆకుల అచ్చులు చూశామని చెబుతుంటారు గానీ చేపల మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. లెపిడోటిస్ కూడా బొగ్గు ఏర్పడిన కాలానిదేనా? చూడటానికి ఎలా ఉండేది? మన ప్రాంతంలో దాన్ని మొదట ఎవరు గుర్తించారు?
– డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: మీ నాన్నగారు చూసిన ఆకుల అచ్చులకూ ఈ చేపకూ మధ్య కోట్ల ఏళ్ల దూరం ఉంది. సింగరేణి బొగ్గు పొరలు పెర్మియన్ యుగానివి, అంటే 25 కోట్ల ఏళ్లకు పైబడినవి. ఆ పొరల మీద, అదే గోదావరి లోయలో, ఇసుకరాళ్లూ మట్టిరాళ్లూ ఒకదానిపై ఒకటి పేరుకుంటూ వచ్చాయి. వాటిలో బాగా పైనున్న వరసలో కోటా శిలాసముదాయం అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే రాళ్లు ఉన్నాయి. ఇవి జురాసిక్ యుగపు తొలి భాగానివని, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివని ఎక్కువమంది అంగీకరిస్తారు. వీటిలో కొంత భాగం మధ్య జురాసిక్ దాకా వస్తుందనే వాదన కూడా ఉంది. ఈ రాళ్ల మధ్యలో సన్నని పలకలుగా విడిపోయే సున్నపురాయి పొర ఒకటి ఉంది. లెపిడోటిస్ దొరికింది ఆ పలకల మధ్యనే. బొగ్గు కోసం తవ్వే గనులు అంతకంటే ఎంతో పాత రాతిలో ఉంటాయి కనుక గని కార్మికులకు ఈ చేప తారసపడే అవకాశం లేదు.

ఇక్కడ కోటా అంటే మన పిల్లలు ప్రవేశ పరీక్షల శిక్షణకు వెళ్లే రాజస్థాన్ నగరం కాదు. ఇది సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఎడమ గట్టున ఉన్న ఊరు. ఇప్పుడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోకి వస్తుంది. నది దాటితే తెలంగాణే. అవే రాళ్లు ఈ గట్టు వైపు, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనూ పైకి కనబడుతాయి. ఈ లోయలోని పోచంపల్లి వద్ద దొరికిన బరపాసారస్, యామన్‌పల్లి పేరును తన జాతినామంలో నిలుపుకున్న కోటాసారస్ ఈ శిలాసముదాయానికి చెందిన డైనోసార్లే.

చేప సంగతి డైనోసార్ల కంటే వంద ఏళ్లకు పైగా ముందే లోకానికి తెలిసింది. 1851లో కర్నల్ సైక్స్ అనే ఆంగ్లేయ అధికారి దక్కన్ పీఠభూమిలో దొరికిన ఒక శిలాజ చేప గురించి లండన్ భూగర్భ శాస్త్ర సంఘం పత్రికలో వ్యాసం ప్రకటించాడు. ఆ నమూనాల శాస్త్రీయ వర్ణనను సర్ ఫిలిప్ ఎగర్టన్ రాశాడు. శిలాజ చేపలను సేకరించడమే జీవిత వ్యాపకంగా పెట్టుకున్న ఇంగ్లండు జమీందారు ఆయన. చేపకు లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆ తర్వాతి రెండేళ్లలో డాక్టర్ బెల్ అనే వైద్యుడు కోటా పరిసరాల రాళ్ల గురించీ అక్కడ వేసిన బోరు గురించీ అదే పత్రికలో రాశాడు. శిలాజాల చదువు ఇంకా వృత్తిగా మారని ఆ రోజుల్లో వైద్యులు, సైనికాధికారులు, మత ప్రచారకులు తీరిక వేళల్లో ఏరి పంపిన రాతి ముక్కల మీదనే మన దేశపు శిలాజ శాస్త్రానికి పునాది పడింది.

ఇక రూపం. నిడుపాటి, కొంచెం బలిసిన శరీరం. పక్కల నుంచి చూస్తే కోలగా ఉంటుంది. నోరు చిన్నది. తల మీద చర్మానికి బదులు గట్టి ఎముక పలకలు ఉంటాయి. వీపు రెక్క నడుముకు కాస్త వెనుకగా మొదలవుతుంది. రెక్కల ముందు అంచుల వెంబడి చిన్న చిన్న ముళ్ల లాంటి పొలుసులు వరుసగా పేర్చి ఉంటాయి. అన్నిటికంటే ముందుగా కంటికి తగిలేది ఒంటి నిండా ఏటవాలు వరుసల్లో ఉన్న దళసరి, నలుపలకల, మెరిసే పొలుసులు. చాలా జాతులు మీటరు లోపే ఉండేవి. జర్మనీలోని జురాసిక్ రాళ్లలో దొరికిన, ఒకప్పుడు ఈ పేరు కిందే లెక్కించిన ఒక పెద్ద జాతి మాత్రం దాదాపు రెండు మీటర్ల దాకా పెరిగేది.

ఈనాటి చేపల్లో అత్యధికం ఏ పెద్ద విభాగంలో ఉన్నాయో లెపిడోటిస్ కూడా అందులోదే. సన్నని ఎముక కాడలు ఆధారంగా, వాటి మీద పొర పరచుకొని ఉన్న రెక్కలు ఈ విభాగపు గుర్తు. రాగండి, బొచ్చె, కొరమీను, పులస అన్నీ ఈ కోవకే వస్తాయి. కోటా సున్నపురాయి ఏర్పడిన చోట మంచినీటి సరస్సు ఉండేదని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అదే కాలంలో ఐరోపాలోని లెపిడోటిస్ జాతులు సముద్రంలో ఈదేవి. ఉప్పునీటినీ మంచినీటినీ రెంటినీ ఏలిన గుంపు ఇది అనుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో వరండాకు కోటా స్టోన్ పరిపించాము. ఒక బండ మీద నల్లగా చేప ముల్లు లాంటి అచ్చు ఉంది. కోటాలో చేపలు దొరికాయని మీరు రాసినది చదివాక ఇది కూడా అదేనేమో అనిపించింది. కడిగేటప్పుడు జాగ్రత్త పడాలా?
– గృహిణి, తెనాలి

జవాబు: నిశ్చింతగా కడుక్కోండి. మీ వరండాలో ఉన్నది రాజస్థాన్ కోటా నుంచి వచ్చిన సున్నపురాయి; అది వింధ్య శిలలకు చెందినది, భూమి మీద చేపలే పుట్టని కాలం నాటిది. మన తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల రాయి కూడా అంతే. వాటిలో చేప దొరికే ప్రసక్తి లేదు. మీరు చూసిన నల్లని కొమ్మల అచ్చు మాంగనీసు ఖనిజం రాతి పగుళ్ల వెంట పాకి ఏర్పరచిన ముగ్గు. దాన్ని చూసి మొక్క అనుకొనేవారే ఎక్కువ. చేప ముల్లు అనుకోవడమూ సహజమే.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఇలాంటి చేపలు చాలాసార్లు విడి పొలుసులుగానే దొరుకుతాయని చదివాను. ఒక్క పొలుసును బట్టి ఆ జంతువు ఎలా బతికిందో చెప్పడం సాధ్యమేనా, లేక అందులో ఊహే ఎక్కువా?
– ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: పొలుసు కొన్ని సంగతులను ఖచ్చితంగా చెబుతుంది, కొన్నిటిని అసలు చెప్పదు. ముందు చెప్పేవి చూద్దాం.

చేపల దుకాణంలో రాగండి పొలుసు ఒకటి తీసుకొని వెలుతురుకు పట్టి చూడండి. గుండ్రంగా, పలుచగా, వేళ్ల మధ్య వంగేంత మెత్తగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి సగానికి పైగా కప్పుకొని ఉంటాయి కాబట్టి కత్తి వెన్నుతో గీస్తే ఇట్టే రాలిపోతాయి. లెపిడోటిస్ పొలుసు దీనికి పూర్తిగా భిన్నం. అది నాలుగు మూలలున్న గట్టి బిళ్ల. అడుగు భాగమంతా ఎముక. పై భాగాన గానోయిన్ అనే, మన పంటి ఎనామిల్ లాంటి గాజు మెరుపు పదార్థం పొరలు పొరలుగా పేరుకొని ఉంటుంది. కోట్ల ఏళ్లు రాతిలో ఉన్నా ఆ మెరుపు చెక్కుచెదరదు; సున్నపు పలక మీద గోధుమ, నలుపు రంగుల్లో నిగనిగలాడుతుంది. పొలుసును తిప్పి లోపలి వైపు చూస్తే అసలు నేర్పు బయటపడుతుంది. పై అంచున చిన్న మేకు లాంటి మొన పొడుచుకొని ఉంటుంది; దాని పైనున్న పొలుసు అడుగున ఆ మొనకు సరిపడే గుంట ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద మంగళూరు పెంకులు ఒకదానిలో ఒకటి తగులుకొని నిలిచినట్లే ఈ పొలుసులు వరుస వెంట వరుసగా తగులుకొని ఒంటికి కవచమయ్యేవి.

ఇంత బరువైన కవచం తొడుక్కున్న చేప ఒంటిని పాములా మెలికలు తిప్పలేదు, ఎక్కువ సేపు ఒకే వేగంతో వేటను తరమలేదు. నిదానంగా తిరుగుతూ, అడుగున దొరికినదాన్ని తింటూ బతికి ఉంటుందని చెప్పడానికి పొలుసు ఒక ఆధారం. రెండో ఆధారం నోరు. అంతకు ముందరి చేపల్లో పై దవడ ఎముక చెంప ఎముకలకు అతుక్కొని కదలకుండా ఉండేది. లెపిడోటిస్ వంశంలో అది విడివడింది. దాంతో నోరు తెరిచినప్పుడు ముందుకు సాగి, నీటితో పాటు ఆహారాన్ని లోపలికి పీల్చుకోవడం సాధ్యమైంది. మూడోది పళ్లు. కొన్ని జాతుల్లో సన్నని మేకుల్లాంటివి ఉంటే, మరికొన్నిటిలో నున్నటి గుండీల్లాంటివి అంగిలి నిండా పరచుకొని ఉండేవి. నత్తల గుల్లలూ ఆల్చిప్పలూ నలగ్గొట్టడానికి తగిన పళ్లు అవి.

ఈ గుండీ పళ్లకు వేరే చరిత్ర కూడా ఉంది. మధ్యయుగపు ఐరోపాలో వీటిని కప్ప తలలో పుట్టే మణులని నమ్మేవారు. ఉంగరాల్లో పొదిగించుకొని, విషం దగ్గరికి వస్తే మణి వేడెక్కి హెచ్చరిస్తుందని ధైర్యంగా భోజనానికి కూర్చునేవారు. అవి చేప పళ్లని తేలడానికి చాలా కాలం పట్టింది. ఈ పళ్లు ఊడి కొత్తవి వచ్చే తీరు మాత్రం కట్టుకథ కంటే విచిత్రంగా ఉంటుంది: కొత్త పన్ను దవడ ఎముక లోపల తలకిందులుగా, అంటే నమిలే తలం వెనక్కి తిరిగి తయారవుతుంది, ఆ తర్వాత ఎముకలోనే 180 డిగ్రీలు తిరిగి, నిలువుగా పైకి వచ్చి, పాత పన్ను చోటులో కుదురుకొంటుంది. స్విట్జర్లాండ్‌లోని జురాసిక్ రాళ్లలో దొరికిన దగ్గరి బంధువు షీన్‌స్టియా దవడలను పరిశీలించి 2020లో ఈ తిరుగుడును వివరంగా చూపించారు.

పొలుసు శత్రువు గురించి కూడా చెబుతుంది. 1983 జనవరిలో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, ఇటుకల మట్టి తవ్వే గుంతలో, విలియం వాకర్ అనే శిలాజాల ఔత్సాహికుడికి ఒక పెద్ద గోరు దొరికింది. దాని వెంట తవ్వితే ఒక డైనోసార్ అస్థిపంజరంలో చాలా భాగం బయటపడింది. ఆలన్ చారిగ్, ఏంజెలా మిల్నర్ 1986లో దానికి బేరియానిక్స్ వాకెరీ అని పేరు పెట్టారు. దాని పక్కటెముకల మధ్య, కడుపు ఉండవలసిన చోట, లెపిడోటిస్ పొలుసులు కనిపించాయి. జఠర రసం తగిలి వాటి మెరుపు పొర అక్కడక్కడ తినేసి ఉంది. డైనోసార్లు చేపలు తిన్నాయని అంతకు ముందు అనుకోవడమే గానీ, కడుపులోనే సాక్ష్యం దొరకడం పెద్ద విశేషమైంది. అంత గట్టి కవచం కూడా మొసలి లాంటి పొడవాటి మూతి ముందు ఆగలేదన్నమాట.

మీ ప్రశ్నకు రెండో సగం మిగిలింది. ఇంత చెప్పిన పొలుసు, అది ఏ చేపదో మాత్రం నమ్మకంగా చెప్పదు. ఆ సంగతి కింది ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: పాత పాఠ్యపుస్తకాల్లో లెపిడోటిస్ జాతులు ప్రపంచమంతటా ఉన్నాయని రాశారు. ఇటీవలి వ్యాసాల్లో మాత్రం వాటిలో చాలా జాతులు అసలు లెపిడోటిస్ కావని కనిపిస్తోంది. మీరు మీ జవాబుల్లో ఏ పేరు వాడతారో చూడాలని ఉంది. బేరియానిక్స్ తిన్నది లెపిడోటిస్సా, కాదా? మన కోటా చేప పేరు కూడా మారుతుందా?
– విశ్రాంత భూగర్భ శాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, అసలు చిక్కు మీరు పట్టుకున్నారు. బేరియానిక్స్ కడుపులోని పొలుసులను వర్ణించినవారు లెపిడోటిస్ అనే రాశారు కనుక పై జవాబులో ఆ మాటే ఉంచాము. ఇప్పటి పద్ధతిలో ఆ కాలపు ఇంగ్లండు చేపలను షీన్‌స్టియా కింద లెక్కిస్తున్నారు.

లెపిడోటిస్ ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును, 1832లో స్థాపించినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన లూయీ అగస్సీ. ఆయన చేపలన్నిటినీ పొలుసుల తీరును బట్టి నాలుగు తరగతులుగా విభజించాడు. మెరుపు పూత ఉన్న గట్టి పొలుసుల చేపలు వాటిలో ఒక తరగతి. శిలాజాల్లో తరచుగా మిగిలేది పొలుసే కాబట్టి ఆ రోజులకు అది ఎంతో ఉపయోగకరమైన పద్ధతి. అయితే ఆ తరహా పొలుసు ఒక్క వంశానికే పరిమితం కాదని, చేపల తొలి వంశాల్లో చాలావాటికి అది పుట్టుకతో వచ్చిన ఆస్తి అని తర్వాత తేలింది. అది ఉన్నంత మాత్రాన రెండు చేపలు దగ్గరి చుట్టాలు కావు. అగస్సీ విభజన వర్గీకరణగా నిలవలేదు. పొలుసులను వర్ణించడానికి మాత్రం ఆయన మాటలు ఈనాటికీ పనికొస్తున్నాయి.

కాని ఆ అలవాటు చేసిన హాని లెపిడోటిస్ పేరు మీద మిగిలిపోయింది. జురాసిక్, దాని తర్వాతి క్రిటేషియస్ యుగాల రాళ్లలో ఎక్కడ నలుపలకల దళసరి పొలుసులు, గుండీ పళ్లు కనిపించినా ఆ పేరు తగిలించేవారు. ఐరోపా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆసియా ఖండాల నుంచి పదుల కొద్దీ జాతులు ఆ పేరు కింద చేరాయి. వాటిలో కొన్నిటికి పూర్తి అస్థిపంజరాలుంటే, కొన్నిటికి గుప్పెడు పొలుసులే ఆధారం. ఏ పేరు సరిగా కుదరకపోయినా ఈ పేరు కుదిరేది కనుక ఇన్నాళ్లు నడిచింది. నా అభిప్రాయంలో ఆ కాలపు శాస్త్రజ్ఞులను తప్పుపట్టడానికి లేదు. తవ్వినది పొలుసైతే పొలుసు పేరే పెడతారు.

ఈ కలగాపులగాన్ని విడదీయడంలో మన దేశానికీ వాటా ఉంది. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసిన సోహన్ లాల్ జైన్ ప్రాణహిత–గోదావరి లోయ నుంచి కొత్త నమూనాలు సేకరించి, 1973లో కోటా చేపల మీద ఒక వ్యాసం, 1983లో లెపిడోటిస్ ప్రజాతి మొత్తాన్ని కోటా జాతుల వెలుగులో సమీక్షిస్తూ మరో వ్యాసం ప్రకటించారు. గణాంక సంస్థకు శిలాజాలతో ఏం పని అని ఆశ్చర్యపోయే పాఠకులకు ఒక మాట: దాన్ని స్థాపించిన మహలనోబిస్‌కు జీవుల కొలతల మీద ఉన్న ఆసక్తి వల్ల అక్కడ భూగర్భ అధ్యయన విభాగం ఏర్పడింది, బరపాసారస్ అస్థిపంజరం నేటికీ అక్కడే ఉంది. జైన్ 1973లోనే కోటా నుంచి వచ్చిన మరో చేపను, ఒళ్లు ఎత్తుగా పళ్లెంలా ఉండే దాన్ని, ఐరోపా డాపీడియం నుంచి వేరుచేసి పారడాపీడియం అనే కొత్త ప్రజాతిగా నిలిపారు. దాని జాతినామం ఎగర్టనీ. మొదటి జవాబులో వచ్చిన ఎగర్టన్ గౌరవార్థం పెట్టినదే. ఇదే లోయలోని మలేరి రాళ్లలో దొరికిన, ఒకప్పుడు పారడాపీడాన్ అని పిలిచిన సరీసృపం ఒకటి ఉంది. రెంటి పేర్లూ కలిసిపోయి విద్యార్థుల జవాబు పత్రాల్లో చేపకు కాళ్లు రావడం మీరు చూసే ఉంటారు.

లెపిడోటిస్ విషయంలో గట్టి మలుపు 2012లో వచ్చింది. అడ్రియానా లోపెస్ అర్బరెలో ఈ గుంపు చేపలన్నిటి పుర్రె ఎముకలను పోల్చి చూసి, తొలి జురాసిక్‌కు చెందిన కొన్ని ఐరోపా జాతులకు, అంటే అగస్సీ మొదట చూసిన లెపిడోటిస్ గైగస్‌కు నిజమైన చుట్టాలైనవాటికి, ఆ పేరును పరిమితం చేశారు. చివరి జురాసిక్, తొలి క్రిటేషియస్ కాలాల్లోని పెద్ద గుండీ పళ్ల చేపలు చాలావరకు షీన్‌స్టియా కిందికి వెళ్లాయి. ఆ ప్రజాతిని అంతకు ముందు ఏడాదే స్థాపించారు. ఈ పనిలో పొలుసులకు దక్కిన స్థానం చిన్నది. చెంప మీది ఎముకలు ఎన్ని, కంటి చుట్టూ ఉన్నవి ఎలా అమరాయి, దవడ కీలు ఎక్కడ పడింది అనే ప్రశ్నలే తీర్పు చెప్పాయి.

ఒక ఉదాహరణ చూస్తే మన కోటా చేప సంగతి కూడా తేలికగా అర్థమవుతుంది. థాయిలాండ్‌లోని ఫు నామ్ జున్ అనే చోట, ఒకప్పటి మడుగు ఎండినట్లున్న రాతిలో, వందల కొద్దీ చేపలు కుప్పగా దొరికాయి. 2003లో వాటికి లెపిడోటిస్ బుద్ధబుత్రెన్సిస్ అని పేరు పెట్టారు. పూర్తి పుర్రెలు చేతిలో ఉన్నాయి గనుక నిదానంగా చదివి, 2013లో అవి లెపిడోటిస్ కావని తేల్చి, థాయిఇక్తిస్ అనే కొత్త ప్రజాతిలో పెట్టారు. బుద్ధబుత్రెన్సిస్ అన్న రెండో మాట మాత్రం మారలేదు, మారదు. నామకరణ నియమం అది. అదే నియమం ప్రకారం, కోటా చేపను రేపు ఎవరు ఎక్కడికి మార్చినా, డెక్కనెన్సిస్ అన్న మాట దాని వెంటే ఉంటుంది. పుస్తకాల్లో ప్రస్తుతం నడుస్తున్న పేరు లెపిడోటిస్ డెక్కనెన్సిస్సే కనుక ఈ శీర్షికలో అదే వాడుతున్నాము. విద్యార్థులకు చెప్పేటప్పుడు విశాలార్థంలో లెపిడోటిస్ అని ఒక మాట చేర్చడం మంచిది.

ప్రశ్న: ఈ చేపలు కూడా డైనోసార్లతో పాటు ఉల్క పడినప్పుడే పోయాయా?
– పదో తరగతి విద్యార్థి, కర్నూలు

జవాబు: కాదు. ఉల్క పడింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. కచ్చితమైన అర్థంలో లెపిడోటిస్ అంతకు 10 కోట్ల ఏళ్లకు ముందే, జురాసిక్‌లోనే ఆగిపోయింది. దాని బంధువులు క్రిటేషియస్‌లోనూ సాగారు. ఒక్క దెబ్బకు పోయిన కథ కాదిది. పలుచని పొలుసులూ చురుకైన ఒళ్లూ ఉన్న కొత్త చేపలు నదుల్లో, సముద్రాల్లో పెరుగుతూ వచ్చిన కాలమే వీటి గుంపు తగ్గుతూ వచ్చిన కాలం.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. ఇక్కడ ట్రినిటీ నదిలో ఎలిగేటర్ గార్ అనే పెద్ద చేపను పడతారు. దాని పొలుసు లెపిడోటిస్ పొలుసులాగే ఉంది. ఇది దాని సంతతేనా?
– పాఠకుడు, అమెరికా

జవాబు: సంతతి కాదు, దాయాది. గార్ చేపలు, లెపిడోటిస్, షీన్‌స్టియా, థాయిఇక్తిస్ అన్నీ ఒకే పెద్ద శాఖకు చెందినవి. ఆ శాఖలో ఈనాడు మిగిలింది గార్లు ఒక్కటే. ఉత్తర, మధ్య అమెరికాల్లోనూ క్యూబాలోనూ ఏడు జాతులున్నాయి. పొలుసు పోలికను మీరు సరిగానే పట్టుకున్నారు: అదే ఎముక అడుగు, అదే గానోయిన్ పూత, అదే మేకూ గుంటా. శిలాజ పొలుసు ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే పరిశోధకులు ముందు గార్ పొలుసునే కోసి చూస్తారు. బతుకు తీరులో మాత్రం పోలిక లేదు. గార్‌కు పొడవాటి మూతి, సూదుల్లాంటి పళ్లు. పొంచి ఉండి చేపలను పట్టుకొనే వేట జంతువు అది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి గాలి మింగి, ఈత తిత్తితో శ్వాసిస్తుంది.

మీ ఉత్తరంలో వంట ప్రసక్తి లేకపోయినా ఒక హెచ్చరిక చేయడం అవసరం. గార్ మాంసం తింటారు గాని దాని గుడ్లు, అంటే మన ఇళ్లల్లో ఇష్టంగా వేపుకొనే జన, మనుషులకు విషం. తోలు ఒలవడానికి కూడా మామూలు కత్తి చాలదు. రేకులు కోసే కత్తెర తెచ్చుకుంటారు.

ఈ చేప మన దేశంలోకీ వచ్చింది. అలంకార చేపగా అమ్ముడై, పెరిగాక తొట్టి చాలక నీళ్లలో వదిలేయడం వల్ల కావచ్చు, 2023లో శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ బయటపడి స్థానిక చేపల గురించి ఆందోళన కలిగించింది. ఇంట్లో తొట్టిలో దీన్ని పెంచుతున్నవారు చెరువులో వదలకూడదు.

ప్రశ్న: మా ఊరి వాగు పక్కన పలకలు పలకలుగా ఊడివచ్చే తెల్లని రాయి ఉంది. అందులో మెరిసే చుక్కలు కనబడుతాయి. చేప పొలుసులైతే ఏం చేయాలి? ఈ శిలాజాలను చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?
– రైతు, ఆసిఫాబాద్ ప్రాంతం

జవాబు: మెరిసేదంతా పొలుసు కాదు, సున్నపురాతిలో స్ఫటికాలు కూడా మెరుస్తాయి. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్ఫటికం ఎండలో తిప్పినప్పుడు ఒక కోణంలో మాత్రమే తళుక్కుమని ఆరిపోతుంది, దానికి రంగు పెద్దగా ఉండదు. పొలుసు ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, నూనె రాసినట్లు అన్ని వైపుల నుంచీ ఒకేలా నిగనిగలాడుతుంది; అంచులు నాలుగు పలకలుగా ఉంటాయి; అలాంటివి పక్కపక్కనే వరుసలో కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్లే.

అలాంటిది కనిపిస్తే దాన్ని సుత్తితో విడదీయకండి. పలక చీలితే చేప రెండు ముఖాలుగా విడిపోతుంది. ఒక ముఖం మీద ఎముక, రెండో ముఖం మీద దాని అచ్చు ఉంటాయి. రెండూ కలిస్తేనే చదవడానికి పనికొస్తుంది. పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి దగ్గరగా ఒకటి, చుట్టూ ఉన్న గట్టు కనబడేలా దూరం నుంచి ఒకటి ఫొటోలు తీయండి. ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. రాయి ఏ పొరలో ఉందో, కింద మట్టి ఉందా ఇసుకరాయి ఉందా అన్నది రాసి పెట్టండి. ఊడి పడి ఉన్న పలక అయితే వాగు నీటికి కొట్టుకుపోకుండా గట్టు మీదికి జరపడంలో తప్పులేదు. ఆ తర్వాత హైదరాబాద్ బండ్లగూడలో ఉన్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికి గాని, ఉస్మానియా విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగానికి గాని ఆ ఫొటోలతో ఉత్తరం రాయండి. పొలుసులే కాక తల భాగం కూడా కనబడుతుంటే ఆ మాటను ఉత్తరం మొదటి వాక్యంలోనే రాయండి. పై జవాబుల్లో చూశారు కదా, పేరు తేల్చేది తల ఎముకలే. కోటా చేపకు చెక్కుచెదరని తల ఎన్ని దొరికితే అంత మేలు.

చూడటానికైతే, హైదరాబాద్‌లోని బిర్లా విజ్ఞాన మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. కోటా చేపలతో ఒకే శిలాసముదాయాన్ని పంచుకున్న జంతువు కాబట్టి పిల్లలను తీసుకువెళ్లదగిన చోటు. జైన్ చదివిన చేపల కోసమైతే కలకత్తా గణాంక సంస్థలోని భూగర్భ మ్యూజియంను ముందుగా సంప్రదించి అనుమతి తీసుకోవాలి.